ప్రాణహిత ఆవలి ఒడ్డున పసిప్రాణాలకు పల్లె ఇల్లాళ్ల కాపలా

కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల అంచును ఒరుసుకుంటూ పారే ప్రాణహితకు ఆవలి ఒడ్డు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఏటికి ఇటూ అటూ ఒకే అడవి. ఇక్కడా గోండులే, అక్కడా గోండులే. కాళేశ్వరం వద్ద గోదావరి దాటితే వచ్చే సిరోంచలో తెలుగు మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. వానాకాలంలో వాగులు పొంగితే పల్లెలకు దారులు మూసుకుపోవడం రెండు ఒడ్డుల వారికీ అనుభవమే.

అటువంటి జిల్లాలో, పెద్ద చదువులు లేని పల్లె ఇల్లాళ్లు ఇంటింటికీ తిరిగి పసికందులను చావు నోటి నుంచి తప్పించారు. వారు చేసిన పనిని వైద్య ప్రపంచం లెక్కలతో సహా ఒప్పుకున్నది. ఈనాడు మన ఊళ్లలో ఆశా కార్యకర్త బాలింత ఇంటి తలుపు తట్టి బిడ్డను తూకం వేస్తున్నదంటే, ఆ అలవాటుకు మూలాలు ఆ అడవి పల్లెల్లోనే ఉన్నాయి.

లెక్కకు రాని చావులు

1982లో చంద్రపూర్ జిల్లా నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లాను ఏర్పాటు చేశారు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు నాగపూర్‌లో వైద్యం చదివి, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య శాస్త్రం అభ్యసించి, తిరిగి వచ్చి పని చేయడానికి ఈ జిల్లానే ఎంచుకున్నారు. 1985లో 'సెర్చ్' అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు.

ఆసుపత్రి ఎలా ఉండాలని వారు మొదట ఆదివాసులనే అడిగారు. పెద్ద భవంతి అంటే తమకు భయమనీ, తమ గుడిసెల వంటివే ఉండాలనీ, రోగితో పాటు ఇంటివారికీ చోటు కావాలనీ వారు చెప్పారు. ఆ ప్రకారమే కుటీరాలతో ఆసుపత్రి లేచింది. వారు కొలిచే దంతేశ్వరీ మాత పేరే దానికి పెట్టారు.

అయినా ఒక చిక్కు మిగిలే ఉన్నది. జబ్బు పడిన పెద్దలు ఆసుపత్రికి వస్తున్నారు గాని పసికందులు రావడం లేదు. ఆ రోజుల్లో అక్కడ నూటికి 95 కాన్పులు ఇళ్లలోనే జరిగేవి. పురుడు అయిన కొన్నాళ్ల వరకు తల్లీబిడ్డలు గడప దాటకూడదన్నది ఆచారం. బండి కట్టాలన్నా, బస్సు ఎక్కాలన్నా డబ్బు కావాలి. అన్నీ సమకూరేసరికి బిడ్డ దక్కేది కాదు. పేరైనా పెట్టని బిడ్డ పోతే అది ఏ కాగితం మీదికీ ఎక్కేది కాదు.

1995-96లో ఎంపిక చేసిన 39 గ్రామాల్లో పుట్టిన 763 మంది శిశువులను ఇళ్లకు వెళ్లి వరుసగా గమనించినప్పుడు అసలు సంగతి బయటపడింది. నూటికి 42 మంది తక్కువ బరువుతో పుట్టినవారే. సగానికి పైగా శిశువులకు నెల లోపల ఏదో ఒక వైద్యసాయం అవసరమైంది. డాక్టరు కంటపడిన వారు మాత్రం నూటికి ముగ్గురైనా లేరు. ఆసుపత్రిలో చేరినవారు వెయ్యికి నలుగురు.

ఆసుపత్రి ఎంత గొప్పదైనా, దాని గడప తొక్కని బిడ్డకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. కనుక వైద్యమే బిడ్డ దగ్గరకు పోవాలి. తీసుకుపోయేది ఎవరన్నదే ప్రశ్న.

ఇసుక గడియారం, ఎర్ర పూస

ఈ ప్రశ్నకు మొదటి జవాబు అంతకు ముందే, న్యుమోనియా మీద చేసిన పనిలో దొరికింది. పిల్లలకు మామూలు దగ్గు ఏదో, ప్రాణం తీసే న్యుమోనియా ఏదో తేల్చడం ఎలా? ఎక్స్‌రే యంత్రం లేదు. గుండెకు గొట్టం పెట్టి వినే డాక్టరూ లేడు. కాని ఒక గుర్తు ఉన్నది. న్యుమోనియా వచ్చిన బిడ్డ వేగంగా ఊపిరి తీస్తుంది. రెండు నెలల లోపు శిశువు నిమిషానికి 60 సార్లు, ఆ తరువాత ఏడాది నిండే వరకు 50 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అనుమానించవలసిందే.

మరి ఊరి మంత్రసానికి గడియారం చూడటం రాదు. పది, పన్నెండుకు మించి లెక్క కూడా రాదు. అరవై ఎలా లెక్కపెడుతుంది?

ఆమెకు లెక్కలు నేర్పే బదులు, ఆమెకు వచ్చిన లెక్కకే సరిపోయే పరికరాన్ని డాక్టర్ అభయ్ బంగ్ తయారు చేశారు. ఒక చిన్న చట్రం. దానికి ఒక నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం. పక్కన కడ్డీలకు గుచ్చిన పూసలు. చంటిబిడ్డలకు ఒక వరుస, కాస్త పెద్ద పిల్లలకు ఇంకొక వరుస. ఇసుక గడియారాన్ని తిప్పి, బిడ్డ డొక్క కదలికను చూస్తూ పది ఊపిరులు కాగానే ఒక పూస జరపాలి. మళ్లీ ఒకటి నుంచి పది. మళ్లీ ఒక పూస. వరుస చివర ఎర్ర పూస ఉంటుంది. ఇసుక అయిపోయేలోగా ఎర్ర పూస జరపవలసి వస్తే అది న్యుమోనియా. మందు మొదలుపెట్టవలసిందే.

అక్షరం ముక్క రాని మంత్రసాని కూడా దీనిని వాడగలిగింది. ఆమె పనికి రాదని పక్కకు నెట్టే బదులు, పనిముట్టునే ఆమెకు తగినట్టు మలచడం ఇందులోని తెలివి.

ఫలితం 1990లో లండన్ నుంచి వెలువడే 'లాన్సెట్' వైద్య పత్రికలో అచ్చయింది. 58 గ్రామాల్లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, మంత్రసానులు, పారామెడికల్ సిబ్బంది కలిసి 612 న్యుమోనియా కేసులకు మందు ఇచ్చారు. వారిలో మరణాలు నూటికి ఒకటి కూడా లేవు; 0.8 శాతం మాత్రమే. ఈ ఏర్పాటు లేని 44 గ్రామాల్లో న్యుమోనియా వచ్చిన పిల్లల్లో నూటికి 13 మందికి పైగా చనిపోయారు. వాడిన మందు కొత్తదేమీ కాదు. అందరికీ తెలిసిన కోట్రైమాక్సజోల్. కొత్తదనమంతా దాన్ని ఎవరి చేతికి ఇచ్చారన్న దానిలోనే ఉన్నది.

నెల నిండని బిడ్డ కోసం

న్యుమోనియా చావులు తగ్గినా, నెలలోపు శిశువుల గండం తీరలేదు. పుట్టగానే ఏడవని బిడ్డ, బరువు తక్కువ బిడ్డ, ఒళ్లు చల్లబడే బిడ్డ, రక్తంలో చీము చేరే బిడ్డ - ఒక్కొక్కరిది ఒక్కొక్క ఆపద. ఇళ్లలో పోయిన శిశువుల్లో సగానికి పైగా ఈ చీము జబ్బుకే, అంటే సెప్సిస్, న్యుమోనియాలకే బలయ్యారని పరిశీలనలో తేలింది.

అందుకని ఊరికొక మహిళను ఎంపిక చేశారు. ఐదు నుంచి పది తరగతులు చదివినవారు. ఆ ఊరి కోడళ్లు, ఆ ఊరి తల్లులు. వారికి 'ఆరోగ్యదూత' అని పేరు పెట్టారు. అన్నీ ఒకేసారి నూరిపోయలేదు. కొంత నేర్పడం, ఊరికి పంపడం, చేసి చూపించమనడం, తరువాతి మెట్టుకు వెళ్లడం - ఇదీ శిక్షణ పద్ధతి. పదిహేను రోజులకొకసారి పర్యవేక్షకులు ఊరికి వచ్చి, రాసిన కాగితాలను, చూసిన బిడ్డలను సరిపోల్చి చూసేవారు.

ఆరోగ్యదూత పని గర్భిణి దగ్గరే మొదలవుతుంది. పురుడు వేళకు మంత్రసాని తల్లిని చూసుకుంటే, ఈమె బిడ్డను చూసుకుంటుంది. ఏడవని బిడ్డకు నోరు, ముక్కు శుభ్రం చేసి మాస్కు పెట్టి ఊపిరి అందిస్తుంది. బరువు తూస్తుంది. ఉష్ణోగ్రత చూస్తుంది. చల్లబడిన బిడ్డకు బట్టతో కుట్టిన వెచ్చని సంచి తొడుగుతుంది. పాలు పట్టడంలో తల్లికి సాయపడుతుంది. 1, 2, 3, 5, 7, 15, 21, 28 రోజుల్లో తప్పనిసరిగా ఆ ఇంటికి వెళుతుంది. మధ్యలో కబురు వస్తే మళ్లీ వెళుతుంది.

సెప్సిస్‌ను గుర్తుపట్టడానికి రక్త పరీక్షలు లేవు. ఏడు లక్షణాల జాబితా ఒకటి ఉన్నది. గట్టిగా ఏడ్చే బిడ్డ ఏడుపు సన్నగిలడం, పాలు తాగే బిడ్డ మానెయ్యడం, ఒళ్లు వేలాడెయ్యడం, డొక్కలు ఎగరెయ్యడం, బొడ్డు దగ్గర చీము పట్టడం వంటివి. వీటిలో ఏ రెండు ఒకేసారి కనిపించినా ఆలస్యం చేయరాదు. ఇవన్నీ మన ఇళ్లలో అమ్మమ్మలు, నానమ్మలు గుర్తుపట్టే సంగతులే. 'పిల్ల అదోలా ఉంది' అని వారు అనే మాటకు వైద్యశాస్త్రం ఒక క్రమం కల్పించింది.

సూది ఎవరి చేతిలో ఉండాలి?

అసలు వివాదం ఇక్కడే వచ్చింది. సెప్సిస్ వచ్చిన శిశువుకు జెంటామైసిన్ అనే సూదిమందు కావాలి. ఆరోగ్యదూత ముందుగా ఆసుపత్రికి తీసుకుపొమ్మనే చెబుతుంది. తల్లిదండ్రులు పోలేమంటే? వాగు పొంగిందంటే? అప్పుడు వారి సమ్మతి రాయించుకుని ఇంటి దగ్గరే ఆమె సూది వేస్తుంది. నోటి ద్వారా ఇంకో మందు పోస్తుంది.

ఏడో తరగతి చదివిన ఇల్లాలు నాలుగు రోజుల పసికందుకు సూది వెయ్యడమా? వైద్యవర్గాల్లో చాలామందికి ఇది మింగుడు పడలేదు. వారి భయాన్ని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. మోతాదు తప్పితే జెంటామైసిన్ మూత్రపిండాలకు, చెవులకు చేటు చేస్తుంది. శుభ్రత లేని సూదితో ప్రమాదం. ఒకరికి అనుమతిస్తే ప్రతి ఊళ్లోనూ సూది పట్టుకునేవారు బయలుదేరుతారన్న ఆందోళన కూడా ఉన్నది.

దానికి గడ్చిరోలి ఇచ్చిన సమాధానం ఒక్కటే. ఆ బిడ్డకు డాక్టరా, ఆరోగ్యదూతా అన్నది ప్రశ్న కాదు. ఆరోగ్యదూతా, చావా అన్నదే అక్కడి ప్రశ్న. భయం ఉన్నచోట శిక్షణ గట్టిపరచాలి, తనిఖీ పెంచాలి, లెక్క రాయాలి. బిడ్డను గాలికి వదలడం పరిష్కారం కాదు.

అంకెలు చెప్పిన నిజం

మాటలతో తేలని ఆ వాదం అంకెలతో తేలింది. 39 గ్రామాల్లో ఈ పద్ధతి అమలు జరిగింది. పోల్చి చూడటానికి మరో 47 గ్రామాలను తీసుకున్నారు. ఆ గ్రామాల్లో మామూలుగా అందే ప్రభుత్వ సేవలే అందాయి.

పని మొదలు కాకముందు ఈ 39 గ్రామాల్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 62 మంది నెల తిరగకుండానే పోయేవారు. మూడో ఏడాది, అంటే 1997-98 నాటికి ఆ సంఖ్య 25కు దిగింది. పోల్చి చూసిన గ్రామాల్లో మాత్రం 58 ఉన్నది 60 దాకా చేరింది. సెప్సిస్ వచ్చిన శిశువుల్లో మొదట నూటికి 16 మందికి పైగా చనిపోతుండగా, సూదిమందు వైద్యం మొదలయ్యాక నూటికి ముగ్గురి లోపుకు తగ్గింది. ఒక్కో శిశువు మీద అయిన ఖర్చు ఆనాటి లెక్కలో ఐదున్నర డాలర్లు కూడా లేదు. ఈ వివరాలు 1999 డిసెంబరులో లాన్సెట్‌లో వెలువడ్డాయి.

సూది ఒక్కటే ఇంత పని చెయ్యలేదు. వెచ్చదనం, తల్లిపాలు, శుభ్రత, ప్రమాదాన్ని ముందే పసిగట్టడం - అన్నీ కలిసి చేసినవి. అన్నిటికంటే ముఖ్యం, అర్ధరాత్రి పిలిచినా పలికే మనిషి ఊళ్లోనే ఉండటం.

ఆ తరువాత మహారాష్ట్రలోని మరికొన్ని గ్రామాలలో, పట్టణ మురికివాడల్లో కూడా ఈ పద్ధతిని పరీక్షించి చూశారు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి, పుట్టిన తొలి వారంలో ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి శిశువును చూడాలని అన్ని దేశాలకూ సూచించాయి. బంగ్ దంపతులకు భారత ప్రభుత్వం 2018లో పద్మశ్రీ ఇచ్చింది.

మన గడప దాకా వచ్చిన పద్ధతి

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తల వ్యవస్థ వచ్చింది. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణను దేశమంతటా ఆశాల బాధ్యతగా చేసింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా ఆరుసార్లు వెళ్లాలి. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. ఇంట్లోనే పుట్టిన బిడ్డకైతే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. తూకం, థర్మామీటరు, గడియారం, బిడ్డను చుట్టే దుప్పటి ఆమె సంచిలో ఉంటాయి. ఈ సందర్శనలన్నీ పూర్తి చేస్తే 250 రూపాయల పారితోషికమని ఆనాటి మార్గదర్శకాల్లో నిర్ణయించారు. 2018 నుంచి మూడో నెల మొదలు పదిహేనో నెల వరకు మరో ఐదు సందర్శనలు జత చేశారు.

అయితే సూదిమందు మాత్రం ఆశా చేతికి రాలేదు. 2014లో కేంద్రం మార్గదర్శకాలు వెలువరించి, ప్రత్యేక పరిస్థితుల్లో జెంటామైసిన్ వేసే అధికారాన్ని ఏ.ఎన్.ఎం.లకు ఇచ్చింది. గడ్చిరోలిలో ఊరి ఇల్లాలు చేసిన పనిని చెయ్యడానికి మిగతా దేశంలో ఉపకేంద్రం నర్సమ్మ రావాలన్నమాట. ఆ నర్సమ్మ చేతిలో నాలుగైదు ఊళ్లు ఉంటాయి.

ఇప్పుడు పురుళ్లు ఆసుపత్రుల్లోనే కదా, ఇంటింటికీ తిరగడం ఎందుకు అనేవారున్నారు. నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97, ఆంధ్రప్రదేశ్‌లో 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. కాని సుఖప్రసవమైన తల్లి రెండు మూడు రోజుల్లో ఇల్లు చేరుతుంది. బిడ్డ గండం నెల రోజులు. 2020 నమూనా నమోదు సర్వేలో దేశంలో వెయ్యికి 28 మంది శిశువులు ఏడాది నిండకుండా చనిపోయారని తేలితే, అందులో 20 మంది మొదటి నెలలోనే పోయినవారు. అదే సర్వేలో ఏడాదిలోపు మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. పూర్వంతో పోలిస్తే ఎంతో మేలే. మిగిలినవారిని కాపాడాలంటే మాత్రం చూడవలసింది ఆ మొదటి నెలలోనే, ఆ ఇంట్లోనే.

మరువరానిది ఏది?

గడ్చిరోలి నుంచి దేశం సందర్శనల తేదీలను తెచ్చుకున్నది. సంచిని తెచ్చుకున్నది. ఆ సంచి వెనుక ఉన్న వాటినన్నిటినీ తెచ్చుకున్నదా అన్నదే ఆలోచించవలసిన విషయం. అక్కడ ప్రతి పదిహేను రోజులకూ ఒకరు వచ్చి, తప్పుంటే దిద్ది, బాగుంటే మెచ్చుకుని వెళ్లేవారు. మందులు నిండుకోకుండా చూసేవారు. కష్టమైన కేసు వస్తే వెనక ఒక ఆసుపత్రి ఉన్నదన్న ధైర్యం ఉండేది.

ఇంటికి వెళ్లి కాగితం నింపి రావడం వేరు. బిడ్డ బట్ట తొలగించి, నిమిషం పాటు కదలకుండా కూర్చుని ఊపిరి లెక్కపెట్టడం వేరు. రెండింటికీ రిజిస్టరులో పడేది ఒకే గీత. ఆ తేడా రిజిస్టరు చూసే అధికారికి తెలియదు. బిడ్డ తల్లికి తెలుస్తుంది.

ఆశా కార్యకర్త ఇప్పటికీ ప్రభుత్వ లెక్కలో స్వచ్ఛంద సేవకురాలే. సర్వేలు, టీకాలు, పింఛన్ల వివరాలు, కోవిడ్ కాలంలో ఇంటింటి తనిఖీలు అన్నీ ఆమె మీదే పడ్డాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు గౌరవ పురస్కారం ప్రకటించింది. పురస్కారం సంతోషమే. కాని తూకం చెడిపోతే నెలలోగా కొత్తది ఇవ్వడం, 42 రోజుల పారితోషికం ఆలస్యం చెయ్యకుండా చేతికి అందించడం, ఏటా ఒకసారైనా శిక్షణను మళ్లీ గుర్తు చెయ్యడం - వీటిని మించిన గౌరవం ఆమెకు ఉండదు.

ఇళ్లలోని పెద్దలు చెయ్యగలిగిన పని కూడా ఉన్నది. మైలనో, దిష్టి అనో బాలింత గదిలోకి ఆశాను రానివ్వని ఇళ్లు ఇంకా ఉంటే, ఆ తలుపు తెరవాలి. చేతులు కడుక్కుని బిడ్డను అందుకునే ఆ మనిషి వల్ల కీడు లేదు. బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు చల్లబడినా, డొక్కలు ఎగరేస్తున్నా తెల్లవారే దాకా ఆగకుండా ఆమెకు కబురు పెట్టాలి. జబ్బు పడిన శిశువును ప్రభుత్వ ఆసుపత్రికి ఉచితంగా చేర్చే ఏర్పాటు 2011 నుంచీ ఉన్నది. 108కి ఫోను చేస్తే వాహనం వస్తుంది.

ప్రాణహితకు ఆవల ఆ ఇల్లాళ్లు చూపించినది చిన్న సంగతి కాదు. డాక్టరు చేరలేని ఇల్లు ఉండవచ్చు గాని, వైద్యం చేరలేని ఇల్లు ఉండనక్కరలేదు. అందుకు ఊళ్లోనే ఉన్న ఒక మనిషికి చక్కగా నేర్పాలి, చేతికి పనిముట్టు ఇవ్వాలి, ఆమెను నమ్మాలి. నేర్పడం, ఇవ్వడం ప్రభుత్వం వంతు. నమ్మడం మన అందరి వంతు.